సాక్షి మొక్క

పోయిన వారం మనం కోడల్ని దగ్గుతాత మీద కూర్చోబెట్టి, చుట్టూ పొగ పెట్టి, మన దారిన మనం వెళ్లిపోయాం. పాపం, వారం రోజులుగా ఆ పొగలోనే ఉంది. ముందు ఆమెను అందులోంచి బయటికి తీసుకొద్దాం.

ఇవాళే వచ్చి కూర్చున్నవాళ్లు కంగారు పడకండి. దగ్గుతాత మనిషి కాదు, ట్రాక్టరు. మామగారి కంటే వయసులో పెద్దది, గొంతులో ఇంకా పెద్దది. దానికి జోడీగా బామ్మ అని ఇంకో ట్రాక్టరు. బామ్మ విత్తనం వేస్తుంది. దగ్గుతాత కడుపు కింద గొర్రు కట్టుకుని సాళ్ల మధ్య కలుపు కోస్తుంది. రెండింటినీ పక్కపక్కన నిలబెడితే తెల్లారేసరికి ఒకదాని ట్యాంకులో నూనె ఇంకొకటి తాగేస్తుందని మామగారు ఒట్టు పెట్టి మరీ చెబుతాడు. అందుకే ఒకటి పాకలో, ఒకటి పాక వెనక.

దగ్గుతాతకి తాళంచెవి లాంటి నాగరికత అంటలేదు. మూతిలో ఇనప హ్యాండిల్ దూర్చి, బొటనవేలు జాగ్రత్తగా మడుచుకుని, ఒక్క ఊపున తిప్పాలి. మొన్న ఆ హ్యాండిలే ఎదురు తన్ని కోడలి మొగుడి మణికట్టు విరగ్గొట్టింది. ఇవాళ పొద్దున మొగుడూ పెళ్లాం కలిసి బండిని పాక ముందు వాలులో దొర్లించి, ఎలాగో దానికి ప్రాణం పోశారు.

"పొద్దుగుంకేదాకా ఇంజను ఆపకు," అన్నాడు మొగుడు, కట్టు కట్టిన చెయ్యి మెడకి వేలాడేసుకుని. "పొలం మధ్యలో వాలు లేదు. ఆగిందంటే తిప్పే చెయ్యి ఈ ఇంట్లో లేదు."

ఇక అసలు ముడి. మామగారి పెద్దకొడుకు, అంటే కోడలికి బావగారు, అవతలి రోడ్డు పక్క పొలాలన్నీ ఇల్లంత యంత్రంతో దున్నుతాడు. దాని లోపల చల్లగాలి, మెత్తటి కుర్చీ, పాటలు. ఈ చిన్న పొలాన్ని కూడా తనదాంట్లో కలిపేసుకుంటానని ఏళ్లుగా అడుగుతున్నాడు. పోయిన వారం పదిమంది ముందు మామగారు మీసం మీద చెయ్యేసి, "నా సాలు వంకరపోయిన రోజున పొలం నీదేరా. ఈ రెండు బండ్లనీ పాత ఇనుము కింద నేనే ఎత్తిస్తా," అన్నాడు. నోరు జారితే వెనక్కి తీసుకోవచ్చు. మీసం మీద చెయ్యి పడ్డాక తీసుకోవడం ఆయన వంశంలో లేదు. ఇవాళ సాయంత్రం చేను చూడటానికి వస్తున్నానని బావగారు కబురు పెట్టాడు.

పొలం పోతే కోడలికీ, చెయ్యి విరిగిన ఆమె మొగుడికీ మిగిలేది ఒకటే. బావగారి యంత్రం వెనకాల గోతాలు మొయ్యడం. ఆ గోతాల బరువు రాత్రి నుంచే ఆమె భుజాల మీద ఉంది.

అదుగో, పొగ విడిపోయింది. చూద్దాం పదండి.

చేలో జొన్న ఉందని తెలిసినవాళ్లకి తప్ప మిగతావాళ్లకి కనిపించేలా లేదు. వారాల తరబడి వాన విడవలేదు. బండి దిగబడుతుందని ఎవరూ చేలో అడుగు పెట్టలేదు. గడ్డి మాత్రం ఎవర్నీ అడక్కుండా పెరిగింది. గరిక, తుంగ, పేరులేని తీగలు, అన్నీ కలిసి మొక్క మోకాలి దాకా ఎదిగితే అవీ మోకాలి దాకా ఎదిగాయి. నిన్నా ఇవాళా ఎండ కాసి నేల బిగిసింది కానీ, అవతల మళ్లీ నల్లగా మబ్బు కడుతోంది. ఇంకో వాన పడితే మొక్క దగ్గుతాత కడుపుకి తగిలేంత ఎదుగుతుంది. అప్పుడు బండి పోనిస్తే మెడలు విరుగుతాయి, పోనివ్వకపోతే గడ్డి మింగుతుంది. ముందు నుయ్యి, వెనక గొయ్యి, మధ్యలో కోడలు.

ఇక్కడ మామగారి పనితనం గురించి చెప్పకపోతే కథ నడవదు. బామ్మ వెనక నాలుగు విత్తనాల డబ్బాలుంటాయి. ఒక్క పోకకి, అంటే బండి ఈ చివర నుంచి ఆ చివరికి ఒకసారి పోతే, నాలుగు సాళ్లు పడతాయి. ఆ నాలుగూ ఒక జట్టు. జట్టులో సాలుకీ సాలుకీ మధ్య ఎడం ఇనుముతో బిగించింది, వెంట్రుకవాసి తేడా రాదు. జట్టుకీ జట్టుకీ మధ్య ఎడం మాత్రం నడిపేవాడి చేతి చలవ. ఒకచోట బెత్తెడు ఎక్కువ, ఒకచోట బెత్తెడు తక్కువ. అందుకని గొర్రు కూడా కలిసి పుట్టిన నాలుగింటి మీదే నడవాలి. ఒక్క సాలు పక్కకి జరిగిందా, అన్నదమ్ముల మధ్యకి పొరుగింటివాడు వచ్చి కూర్చున్నట్టే. కర్రు గడ్డిని వదిలేసి మొక్క మీద పడుతుంది.

మరి గడ్డిలో మునిగిన చేలో ఏ నాలుగు కలిసి పుట్టాయో చెప్పేదెవరు? మామగారు విత్తేటప్పుడే దానికి ఏర్పాటు చేస్తాడు. ఎడమ చివర డబ్బాకి ఎర్రమూత. ప్రతి పోకకీ ముందు ఆ డబ్బాలో ఒక గుప్పెడు పొద్దుతిరుగుడు గింజలు పడేస్తాడు. జొన్న మొక్కల మధ్య అక్కడక్కడా అరచేతులంత ఆకులు చాపుకుని అవి నిలబడతాయి. జట్టు ఇక్కడ మొదలు అని చెబుతాయి. వాటిని ఆయన సాక్షి మొక్కలంటాడు. పెళ్లికి సాక్షి ఉండగా విత్తనానికి ఉండొద్దా అంటాడు.

అసలు ఆయన్ని చుట్టుపక్కల అందరూ దారం పెద్దాయన అనే పిలుస్తారు. ఆయన వేసిన సాలు వెంబడి పాకిన పాము సాయంత్రానికి కర్రలా బిగుసుకుపోయి, మలుపు తిరగడం మర్చిపోయి, తిన్నగా పొరుగూరికి చేరుకుందట. చూసినవాళ్లు లేరు. నమ్మనివాళ్లూ లేరు.

ఆ నమ్మకంతోనే కోడలు స్టీరింగు పట్టుకుంది. గట్టు పక్క మొదటి జట్టు బాగానే వచ్చింది. వెనక నల్లటి మట్టి తిరగబడి, మధ్యలో మొక్కలు పచ్చగా నిలబడి, తల దువ్విన పిల్లల్లా ఉన్నాయి. రెండో జట్టుకి సాక్షి మొక్క కనిపించగానే ఎడమ కర్రుని దాని పక్కన పెట్టి పోనిచ్చింది. కళ్లు సాక్షి మీదే. గడ్డిలో మిగతా మూడు సాళ్లు కనిపించడమే లేదు, కనిపించనక్కర్లేదు కూడా.

చివరికి వెళ్లి బండి తిప్పి వెనక్కి చూసింది.

మట్టి మీద లేత జొన్న మొక్కలు పడున్నాయి. వేళ్లు పైకి, ఆకులు కిందికి. ఆ చివర నుంచి ఈ చివర దాకా, సాలు సాలంతా. ఎండకి అప్పుడే ముడుచుకుంటున్నాయి.

గుండె ఆగింది కానీ ఇంజను ఆపలేదు. ఆ తెలివి ఉంది. గేరు తప్పించి, దగ్గుతాతని దగ్గుతూ ఉండమని వదిలేసి కిందికి దూకింది. చేతికందినన్ని మొక్కలు ఏరుకుని గట్టు దగ్గరికి పరుగెత్తింది. అక్కడ మామగారు బోర్లించిన బకెట్టు మీద కూర్చుని, బండి వైపు చెవి పెట్టి ఉన్నాడు.

"మావయ్యా!"

"గొర్రు బాగా దిగింది తల్లీ, శబ్దంలోనే తెలిసింది!" అన్నాడాయన మొహం వెలిగిపోతూ. ఆమె చేతుల వైపు తల తిప్పాడు. "అబ్బో, చేతులనిండా తెచ్చావే! చూశావా, వేరుతో సహా ఎలా లేచిందో గడ్డి. తీసుకెళ్లి నీ మొగుడికి చూపించు. వాడెప్పుడూ గడ్డం గీసినట్టు పైపైనే గీకుతాడు."

కోడలు తన చేతుల్లోకి చూసుకుంది. మళ్లీ ఆయన మొహంలోకి చూసింది. ఎండ సూటిగా కళ్లలో పడుతున్నా ఆయన రెప్ప వాల్చలేదు.

"ఇది గడ్డేనా మావయ్యా?"

"గడ్డి కాకపోతే గులాబీలా? ఎండలో పడెయ్. లేకపోతే తుంగ గడ్డ మళ్లీ లేస్తుంది, సిగ్గులేని జాతి."

ఆమె ఒక మొక్క తీసి ఆయన అరచేతిలో పెట్టింది. ఆయన వేళ్లు కాడ పట్టుకుని మెల్లగా పైకి పాకాయి. ఆకు దొరికింది. ఆకు మధ్య ఈనె దొరికింది. అక్కడ ఆగిపోయాయి. మొహంలో వెలుగు దీపం ఊదినట్టు ఆరిపోయింది.

"ఎన్ని?" అన్నాడు.

"ఒక సాలు మొత్తం."

 మామగారు లేచి నిలబడ్డాడు. తప్పు చేసిన పెద్దమనుషులకి కోపమే కదా మొదటి ఊతకర్ర.

"స్టీరింగు గట్టిగా పట్టుకోమన్నానా లేదా? అది జొన్న చేనా, నీ పుట్టింటి వీధా, ఇష్టమొచ్చినట్టు తిరగడానికి?"

"నేను సాక్షిని పట్టుకునే నడిచాను."

"అయితే సాక్షిని చూడటం రాలేదు నీకు."

"మీకొచ్చా మావయ్యా, చూడటం?"

ఇన్నేళ్లలో ఆ ఇంట్లో కోడలు గొంతు పెంచింది లేదు. ఇప్పుడూ పెంచలేదు. అయినా ఆ మాట తగలాల్సిన చోటే తగిలింది. మామగారు బకెట్టు కోసం వెనక చెయ్యి పెట్టి తడిమాడు. అది జానెడు దూరంలో ఉంది. దొరకలేదు. ఆమే జరిపి ఇచ్చింది.

"ఎప్పట్నుంచి?" అంది.

"కిందటి కోతల నాటికి పొగమంచులా ఉండేది. మంచే అనుకున్నా. ఎండాకాలం వచ్చినా పోలేదు," అన్నాడు మామగారు. "విత్తే వేళకి డబ్బాల మూతలన్నీ ఒక్క రంగే."

"ఎర్రమూత కనబడకుండానే గింజలు వేశారా?"

"తడుముకుని వేశాను. మొదటి డబ్బా అనే అనుకున్నా." ఉన్నట్టుండి తల ఎత్తాడు. "సాళ్లు మాత్రం తిన్నగా ఉన్నాయి! కావాలంటే దారం పట్టి చూసుకో. పక్క పోకకి గుర్తుగా బామ్మ కడ్డీ గీసిన గీతలో ముందు చక్రం పడితే స్టీరింగు నా చేతికి చెబుతుంది. సాలుకి కళ్లతో పనేంటి?"

పాక వైపు నుంచి మొగుడు వచ్చాడు. ఇంజను నడుస్తుండగానే మనిషి కిందికి దిగడం దూరం నుంచే చూశాడు. తండ్రి చేతిలో మొక్కా, పెళ్లాం కళ్లలో నీళ్లూ చూశాక చెప్పడానికి పెద్దగా మిగల్లేదు. ఆమె రెండు ముక్కల్లో చెప్పింది.

"అందుకా నాన్నా," అన్నాడు చివరికి. "మొన్న పాకలో దూడ ముందు నిలబడి, పని ఎగ్గొడుతున్నానని నన్ను గంట సేపు తిట్టావు."

"అది నీకంటే శ్రద్ధగా వింది."

ముగ్గురూ నవ్వారు. అంతలో ఎవరికి వారే ఆపేశారు.

"గట్టు నుంచి నాలుగేసి సాళ్లు లెక్కపెట్టుకుంటే సరిపోదా?" అన్నాడు మొగుడు. కోడలికి ప్రాణం లేచొచ్చింది. చేలో మోకాళ్ల మీద కూర్చుని రెండు చేతులా గడ్డి పీకుతూ లెక్క మొదలుపెట్టింది. మూడో జట్టులో మూడే దొరికాయి. అటు పక్క జట్టులో ఈ చివర నాలుగు ఉన్నాయి, పది అడుగులు లోపలికి పోతే మూడు. విత్తేటప్పుడు గొట్టంలో మట్టి ఇరుక్కుంటే గింజ పడదు. వెనక్కి తిరిగి చూసుకుంటే తెలుస్తుంది. చూసుకోవాల్సింది ఎవరు?  లెక్క తప్పింది, సాక్షి అబద్ధం చెప్పింది, మబ్బు మాత్రం చెప్పినట్టే దగ్గరికొస్తోంది.

గోళ్లనిండా మట్టితో ఆమె లేచి వచ్చేసరికి మామగారు అదే మొక్కని ఒళ్లో పెట్టుకుని ఉన్నాడు.

"పెద్దోడికి చెప్పకండి," అన్నాడు. ఆ గొంతు ఆమె ఎప్పుడూ వినలేదు. "గుడ్డెద్దు చేలో పడ్డట్టు అని జన్మంతా ఊళ్లోవాళ్లని వెక్కిరించా. ఆ ఎద్దు నేనేనని వాడికి తెలిస్తే పొలం పోతుందన్న బాధ కంటే... వాడు జాలి పడతాడే, అది నేను భరించలేను."

"చెప్పక్కర్లేదు మావయ్యా. చేను చూస్తే చాలు, అదే చెబుతుంది."

ఆయన వంగి చెప్పులు విప్పాడు. గట్టు దిగి గడ్డిలోకి నడిచాడు. నాలుగడుగులు వేసి ఆగాడు. పాదంతో నేల నొక్కాడు, ఎడమకి జరిగాడు, మళ్లీ నొక్కాడు. వంటింట్లో చీకట్లో డబ్బా వెతుక్కునే మనిషిలా ఉన్నాడు. ఒకచోట రెండు కాళ్లూ ఆనించి నిలబడిపోయాడు.

"ఇక్కడ గట్టి."

"ఏం గట్టి నాన్నా?" అన్నాడు చిన్నకొడుకు.

"బామ్మ నడిచిన జాడరా! అంత బరువు మోసిన నేల రెండు వానలకే మర్చిపోతుందా? పైన గడ్డి ఎంత మొలిచినా కింద అరుగులా ఉంది. ఇది ఎడమ చక్రం జాడ. దీనికి ఎడమ పక్క సాలే జట్టులో మొదటిది." తల తిప్పి కోడలు ఉన్న వైపు కాకుండా కొంచెం పక్కకి చూస్తూ అన్నాడు, "అమ్మాయ్, బండెక్కు. నేను ముందు నడుస్తా. నా వెనకే నీ ఎడమ చక్రం. సాక్షిని నమ్మకు, నా వీపుని నమ్ము."

"దానికి బ్రేకులు లేవు మావయ్యా!"

"ఉండేవని మా నాన్న చెప్పేవాడు."

"మీరు తూలి పడితే?"

"పడితే ఎరువు," అన్నాడు. నవ్వలేదు. "ఒరేయ్ చిన్నోడా, నువ్వు ఆ చివర గట్టు మీద నిలబడు. ఆ మాత్రం ఆకారం మసగ్గా తెలుస్తుంది. నిన్ను చూసుకుని ఆగుతా."

ఆమె బండెక్కింది. ఇంకో దారి ఉంటే ఎక్కేది కాదు.

గడ్డిలో మోకాళ్ల దాకా మునిగిన ముసలాయన ముందు, రెండు బారల వెనక ఇనప మూతి. ఆయన పాదాలు జాడ వెతుక్కుంటూ ఒక్కోసారి ఆగేవి. ఆగినప్పుడల్లా ఆమె క్లచ్చు తొక్కి, దేవుడా దేవుడా అనుకుంటూ, బండి తనంతట తాను నిలిచేదాకా ఊపిరి బిగబట్టేది. ఒకసారి దగ్గుతాత మూతి ఆయన చొక్కాకి ఆనింది. ఆయన వెనక్కి చెయ్యి చాపి, ఎద్దు నుదురు నిమిరినట్టు దాన్ని నిమిరి, ముందుకి నడిచాడు.

వెనక్కి చూడాలంటే భయం. చూసింది. నల్లటి మట్టి, నాలుగు పచ్చటి సాళ్లు, ఒక్క మొక్కకి కూడా గాటు లేదు. ఇంకో జట్టు. అదీ అంతే. కళ్లలో నీళ్లు కారుతుంటే తుడుచుకోవడానికి చెయ్యి ఖాళీ లేదు, స్టీరింగు వదిలితే ఆయన ప్రాణం. తడి కళ్లతోనే ఆ వీపుని చూస్తూ నడిపింది. బడి వదిలిన పిల్లాడిలా చిన్నకొడుకు ఆ చివర గట్టు మీద గెంతుతున్నాడు.

తర్వాతి పోకకి ముందు, నూనె అయిపోవచ్చిందని సైగ చేసి, డబ్బా తేవడానికి వాడు పాక వైపు పరుగెత్తాడు. వచ్చేస్తాడుగా అని వీళ్లిద్దరూ బయల్దేరారు. సగం చేను దాటేసరికి ఆ చివర గట్టు మీద ఆకారం నిలబడే ఉంది.

దగ్గరికొచ్చాక కోడలు చూసింది. ఆ ఆకారానికి రెండు చేతులూ బాగానే ఉన్నాయి. కాళ్లకి మెరిసే బూట్లు. బావగారు. సాయంత్రం అన్న మనిషి మబ్బు చూసి ముందే బయల్దేరినట్టున్నాడు.

మామగారికి ఆ తేడా ఎలా తెలుస్తుంది? అన్నదమ్ములిద్దరిదీ ఒకటే కొలత. ఆయన అటు చెయ్యి ఊపుతూ, గొంతు చించుకుని ఏదో అంటున్నాడు. దగ్గు శబ్దంలో మాట వినపడటం లేదు. "మావయ్యా! మావయ్యా!" అని ఆమె అరిచింది. తన అరుపు తనకే వినపడలేదు. గేరు తప్పించి దూకుదామంటే, బ్రేకులు లేని బండి నిలిచేలోపు ఆలస్యమైపోతుంది. మిగిలింది ఒక్కటే, ఇంజను. ఆపితే ఇక్కడే, చేను మధ్యలో, మబ్బు కింద, తిప్పే చెయ్యి లేకుండా.

ఆపేసింది.

చేనంతా ఒక్కసారి నిశ్శబ్దమైపోయింది. ఇంజను మీద గెలవడానికి పెంచిన గొంతుని మామగారు తగ్గించేలోపే మిగతా మాట ఖణేల్మంటూ గట్టు దాకా వెళ్లింది.

"...మీ అన్నకి మాత్రం చెప్పకురా, నాకు కళ్లు పోయాయని!"

అయ్యో తల్లీ! ఆపకపోతే ఆ మాట దగ్గులోనే కలిసిపోయేది. ఆపి మరీ వినిపించావు.

"బండెందుకు ఆగిందే?" అన్నాడు మామగారు వెనక్కి తిరిగి. మళ్లీ గట్టు వైపు తిరిగాడు. "చిన్నోడా?"

"నేను నాన్నా," అన్నాడు బావగారు. "పెద్దోణ్ణి."

ముసలాయన చెయ్యి దానంతటదే మీసం దాకా వెళ్లి, అక్కడ ఏం చెయ్యాలో తెలియక కిందికి దిగిపోయింది.

"సాలు చూడటానికొచ్చావా?"

"చూశాను." బావగారి కళ్లు అవతల ఎండలో వాడిపోయిన జొన్న మొక్కల మీద ఉన్నాయి, వేళ్లు పైకి పెట్టుకుని పడున్న ఆ సాలు మీద. అక్కడి నుంచి తండ్రి మట్టి కాళ్ల మీదికి వచ్చాయి. అక్కడి నుంచి, దగ్గుతాత మూతిలో ఖాళీగా ఉన్న హ్యాండిల్ కన్నం మీదికి. "మాట ఇచ్చావు నాన్నా. పదిమంది ముందు."

"ఇచ్చాను."

"మాట మాటే కదా?"

"నాకు కళ్లే పోయాయిరా," అన్నాడు మామగారు. "నోరు పోలేదు. మాట మాటే."

మొదటి చినుకు వేడి ఇంజను మీద చుయ్యిమంటూ పడింది. కోడలు స్టీరింగుని రెండు చేతులా పట్టుకుని, ఎందుకు పట్టుకుందో తెలియకుండానే పట్టుకుని, బావగారినే చూస్తోంది. ఆయన ఆకాశం వైపు ఒకసారి చూసి, గట్టు మీద కూర్చుని, "హ్యాండిల్ ఎక్కడుందమ్మా?" అంటూ వంగి, చేలోకి దిగడానికి బూట్ల లేసులు విప్పడం మొదలుపెట్టాడు.